మొదటి మూడేళ్ళకు నాలుగు నక్షత్రాలు, ఆ తర్వాతి నాలుగేళ్ళకు రెండు

హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక మధ్యస్థాయి ఐటీ సర్వీస్ కంపెనీలో 2017లో ఫ్రెషర్‌గా చేరి, 2024లో టీమ్ లీడ్‌గా బయటికొచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. నానక్‌రామ్‌గూడ నుంచి మాదాపూర్ దాకా ఇదే పద్ధతిలో నడిచే సంస్థలు చాలా ఉన్నాయి, వాటిలో పనిచేసేవాళ్ళు చదివితే తమ ఆఫీసు గురించే రాశానని అనుకుంటారు. క్యాంపస్ ఆఫర్ చేతిలో ఉన్న పిల్లలకూ, మూడు నాలుగేళ్ళ అనుభవంతో ఉండాలా వెళ్ళాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ళకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మొదటి ఉద్యోగానికి ఇది మంచి చోటు. మూడేళ్ళు దాటాక ఇంకా అక్కడే ఉండాలంటే మాత్రం మీకంటూ ఒక గట్టి కారణం ఉండాలి. ఒకే కంపెనీ గురించి ఈ రెండు మాటలూ ఎందుకు చెప్పాల్సి వస్తోందో అర్థం కావాలంటే ఆ వ్యాపారంలో డబ్బు ఎలా వస్తుందో తెలియాలి. అక్కడికి వస్తాను.

ముందు పని సంగతి. మా క్లయింట్ అమెరికాలో ఒక హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ. అక్కడ ఆసుపత్రుల నుంచి క్లెయిములు 837 అనే ఫార్మాట్‌లో వస్తాయి. దేనికి ఎంత చెల్లించాం, దేన్ని ఎందుకు తిరస్కరించాం అన్న జవాబు 835లో వెళ్తుంది. కొత్తగా పాలసీలో చేరినవాళ్ళ వివరాలు 834లో వస్తాయి. ట్రైనింగ్‌లో జావా, స్ప్రింగ్, ఎస్‌క్యూఎల్ నేర్పారు, బాగానే నేర్పారు. కానీ ఈ రోజు వరకు నాకు అన్నం పెడుతున్నది ఈ మూడు ఫైళ్ళ మీద పట్టే. ఫైల్‌లో ఒక్క సెగ్మెంట్ తప్పిపోతే ఆ క్లెయిమ్ ఎక్కడ ఇరుక్కుంటుందో, దానివల్ల ఎక్కడో ఒక డాక్టరుకు డబ్బు ఎందుకు ఆగిపోతుందో రెండేళ్ళలో ఒంటబట్టింది.

అలా ఒంటబట్టడానికి కారణం మా అప్పటి టెక్ లీడ్. రాజమండ్రి ఆయన, అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం. కోడ్ రివ్యూకి పంపితే తప్పులు ఏరి ఊరుకునేవారు కాదు, పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవారు. "ఇది పనిచేస్తుంది, సరే అమ్మా. రేపు నువ్వు లీవ్‌లో ఉన్నప్పుడు ఇది ఆగిపోతే, చదివేవాడు ఏం చేయాలి?" అని అడిగేవారు. చేరిన కొన్ని నెలలకే ప్రొడక్షన్ లాగ్స్ చదవనిచ్చారు. పెద్ద కంపెనీలకు ఎంపికైన నా క్లాస్‌మేట్లలో కొందరు అప్పటికి ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నారు, ఒకతను టెస్ట్ కేసులు ఎక్సెల్‌లో నింపుతున్నాడు. కంపెనీ చిన్నదైతే ఉండే లాభం ఇదే, మనిషికి పని చాలా ఉంటుంది, ఫ్రెషర్ అని పక్కన కూర్చోబెట్టరు. రెండేళ్ళ బాండ్ రాయించుకున్నారు గానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకోలేదు. ఎవరైనా ఒరిజినల్స్ అడిగితే మాత్రం ఎంత మంచి ప్యాకేజీ అయినా వద్దనే చెప్తాను. మొదటి మూడేళ్ళ పనికి, నేర్చుకున్నదానికి ఐదులో నాలుగున్నర ఇస్తాను.

ఇక జీతం. ఆఫర్ లెటర్‌లో సంవత్సరానికి 3.6 లక్షలని ఉంది. మా నాన్న దాన్ని పన్నెండుతో భాగించి, అమ్మాయికి నెలకు ముప్పై వేలని ఖమ్మంలో చుట్టాలందరికీ చెప్పుకున్నారు. చేతికి వచ్చింది 22,843. ఎవరూ దాచలేదు, లెటర్ చివరి పేజీలో పట్టిక ఉంది. కానీ ఆ పట్టిక చదవడం ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ విడదీసి చెప్తాను.

నా బేసిక్ నెలకు 12,000, అంటే మొత్తం ప్యాకేజీలో 40 శాతం. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 12 శాతం, 1,440 రూపాయలు. అది ఈ 3.6 లక్షల్లోంచే. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం, పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే నెలకు 577, అదీ ఇందులోంచే. ఐదేళ్ళు నిండకుండా మానేస్తే ఆ గ్రాట్యుటీ చేతికి రాదు, అయినా ప్యాకేజీలో అంకెగా కనిపిస్తూనే ఉంటుంది. వేరియబుల్, అంటే ఫలితాలను బట్టి ఇచ్చే భాగం, ఏడాదికి 36,000. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఏడాదికి 6,000. ఇవన్నీ పోగా నెల జీతం 24,483. అందులోంచి నా వంతు పీఎఫ్ మరో 1,440, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కోస్తారు. కంపెనీ కట్టే పీఎఫ్ కూడా మొత్తం మన పీఎఫ్ ఖాతాలో పెరగదు. ఆ 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుంది, మిగిలిన 3.67 శాతమే పీఎఫ్‌గా పడి వడ్డీ సంపాదిస్తుంది. పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా సమానంగా లేవేమిటని కంగారుపడేవాళ్ళకు ఇదే జవాబు.

వేరియబుల్ అన్నది రావచ్చు, రాకపోవచ్చు. పూర్తిగా వచ్చిన సంవత్సరం ఒక్కటే గుర్తుంది, మిగతా ఏళ్ళలో అరవై, డెబ్బై శాతం. మా పని మేము ఎంత బాగా చేసినా, కంపెనీకి ఆ త్రైమాసికంలో లాభం తగ్గితే అది తగ్గుతుంది. అందుకే ఇద్దరి ప్యాకేజీలు పోల్చేటప్పుడు వేరియబుల్‌ను పక్కన పెట్టి పోల్చండి. ఆదాయపు పన్ను గురించి చాలామంది ముందే టెన్షన్ పడతారు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఉద్యోగులకు 12.75 లక్షల జీతం వరకు పన్ను లేదు, కాబట్టి ఇలాంటి కంపెనీలో మొదటి కొన్నేళ్ళు అసలు కోత అంతా పైన చెప్పిన పట్టికలోనే.

ఇక్కడ ఇటీవలి మార్పు ఒకటి చెప్పాలి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కించాలి. బేసిక్‌ను 40 శాతం దగ్గర, కొన్నిచోట్ల ఇంకా తక్కువ దగ్గర ఉంచి, మిగతాది స్పెషల్ అలవెన్స్ అని రాసే పద్ధతికి ఇది దెబ్బ. గ్రాట్యుటీ లెక్క పెరుగుతుంది. పీఎఫ్ మాత్రం 15,000 వేతనం మీద కట్టడమే తప్పనిసరి, అంటే నెలకు 1,800. అంతకుమించి కట్టాలా వద్దా అన్నది కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి కొత్త ఆఫర్ వచ్చినప్పుడు పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా అని హెచ్‌ఆర్‌ను అడగండి. చేతికొచ్చే జీతంలో తేడా అక్కడే వస్తుంది.

జీతం పెరుగుదల అసలు బాధ. మొదటి రెండేళ్ళు ఏడు, తొమ్మిది శాతం హైక్ ఇచ్చారు. మూడో ఏడు ప్రమోషన్‌తో 5.2 లక్షలు అయింది. 2020లో కరోనా వల్ల ఎవరికీ పెంచలేదు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. 2021లో 6.1. అదే సంవత్సరం మార్కెట్ ఒక్కసారిగా వేడెక్కింది, ఒకరి చేతిలో మూడు నాలుగు ఆఫర్లు ఉండే రోజులవి. నా అంత అనుభవమే ఉన్న ఒకతన్ని మా టీమ్‌లోకి 12 లక్షలకు తీసుకున్నారు. మంచి కుర్రాడు, పని వచ్చినవాడు. క్లెయిముల పని మాత్రం తెలియదు, కాబట్టి అతనికి 837 ఫైల్ చదవడం నేర్పే పని నాకే అప్పగించారు. నాకంటే రెట్టింపు జీతమని అతనే చెప్పాడు, మొహమాటపడుతూ. మేనేజర్‌ను అడిగితే, "అది మార్కెట్ రేటు, మీది ఇంటర్నల్ రేటు" అన్నారు. అక్కడే పెరిగిన మనిషికి బయటినుంచి వచ్చిన మనిషికంటే తక్కువ ఇవ్వడాన్ని ఒక పద్ధతిగా ఒప్పుకున్న మాట అది. మరుసటి ఏడాది కరెక్షన్ అని 8.4 చేశారు. వెళ్ళిపోయేనాటికి 11.4. జీతానికి ఐదులో రెండు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావడానికి నాకు లీడ్ అయ్యేదాకా పట్టింది, ఎందుకంటే అప్పటిదాకా కాంట్రాక్టు లెక్కల షీట్లు మన కంటబడవు. క్లయింట్ మన కంపెనీకి మనిషికి గంటకు ఇంత అని కడతాడు. కాంట్రాక్టులోనే ఇంతమంది జూనియర్లు, ఇంతమంది సీనియర్లు, ఒక లీడ్ అని రాసుకుంటారు. కింద ఎక్కువమంది, పైకి వెళ్ళేకొద్దీ తక్కువమంది. ఆ గంట రేటు కాంట్రాక్టు రెన్యువల్ అయినప్పుడే కదులుతుంది, అప్పుడు కూడా క్లయింట్ తగ్గించమనే బేరం పెడతాడు. కాబట్టి మనకు పెంచే ప్రతి రూపాయీ కంపెనీ మార్జిన్‌లోంచే పోతుంది. ఫ్రెషర్‌గా ఉన్నప్పుడు మన ఖర్చు తక్కువ, బిల్లింగ్ బాగుంటుంది, అందుకే నేర్పడానికి ఓపిక ఉంటుంది. ఐదో ఏడు వచ్చేసరికి అదే సీటుకు మనం బరువు. అప్పుడు రెండే దారులు. కింద నలుగురు జూనియర్లను పెట్టి మనల్ని లీడ్ చేయడం, లేదా ఇంకో ప్రాజెక్టుకు వదిలేయడం. హైక్ రాకపోతే మేనేజర్‌కు తమ మీద కోపం ఉందేమోనని ఏళ్ళ తరబడి కుమిలిపోయిన స్నేహితులు నాకున్నారు. మేనేజర్ చేతిలో ఉండే డబ్బు నిజంగా చాలా తక్కువ. దానికి తోడు బెల్ కర్వ్. టీమ్ అంతా బాగా చేసినా టాప్ రేటింగ్ ఒకరికో ఇద్దరికో, ఎవరో ఒకరికి కింది రేటింగ్ తప్పదు. డెలివరీ బాగా జరిగిన ఏడాది కూడా ఎవరో ఒకరిని పిలిచి, నీ పని తక్కువైందని చెప్పాల్సి రావడం నా లీడ్ పనిలో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం.

ఆఫీసు వాతావరణం మంచిదే. ఏడేళ్ళలో ఎవరూ నా మీద గొంతు పెంచలేదు. పేరు పెట్టి గారు అంటారు, చనువైతే అన్నా, అక్కా. టీమ్‌లో తమిళులు, ఒడియావాళ్ళు ఉంటే మీటింగ్ ఇంగ్లీషులోనే జరగాలని మా మేనేజర్ పట్టుబట్టేవారు, అది సరైన పట్టుదల. క్యాంటీన్ గురించి రాయడానికేమీ లేదు, పెరుగన్నం బాగుంటుంది. 2020లో మా టీమ్‌లో ఎవర్నీ తీసేయలేదు. డెస్క్‌టాప్‌లు ప్యాక్ చేసి ఇళ్ళకు పంపారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ బెడ్ల కోసం ఊరంతా పరుగులు పెడుతున్నప్పుడు మా అడ్మిన్ టీమ్ రాత్రింబవళ్ళు ఫోన్ల మీద ఉండి ఉద్యోగుల ఇళ్ళవాళ్ళకు బెడ్లు వెతికింది. అది నేను మర్చిపోను. అలాగే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలను చేర్చుకోనిచ్చారు, ప్రీమియంలో కొంత మనం కట్టుకోవాలి. మా నాన్నకు స్టెంట్ వేయాల్సి వచ్చి ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకొచ్చినప్పుడు బిల్లు చాలావరకు క్యాష్‌లెస్‌లో పోయింది. అరవై దాటినవాళ్ళకు బయట కొత్తగా పాలసీ తీసుకుంటే ప్రీమియం ఎంతో, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఎంతో కనుక్కుంటే దీని విలువ తెలుస్తుంది. రెండు ఆఫర్లు పోల్చేటప్పుడు తల్లిదండ్రుల కవరేజీని తప్పకుండా డబ్బులోకి మార్చి లెక్కేయండి.

పని గంటలు మాత్రం క్లయింట్ గడియారం ప్రకారం నడుస్తాయి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పది గంటల కాల్ అంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, ఆ సోమవారం నుంచి మన కాల్ ఎనిమిదిన్నరకు జరుగుతుంది, మార్చి దాకా అంతే. నేను నిజాంపేటలో ఉండేదాన్ని. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు షటిల్ కోసమో ఆటో కోసమో చూడాలి. కాల్ అయ్యాక ఆడవాళ్ళకు క్యాబ్, దూరమైతే గార్డు ఉండేవారు, ఆ ఏర్పాటు ఎప్పుడూ తప్పలేదు. మూడు రోజుల ఆఫీసు 2023లో నాలుగు రోజులైంది. అమెరికాతో మాట్లాడే పనికి, కాల్ మొత్తం హెడ్‌సెట్‌లోనే జరిగే పనికి, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రానూపోనూ రెండున్నర గంటలు ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

హెల్త్ ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో చేరేవాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి పండగలది. అమెరికాలో పెద్దవాళ్ళకు ఇచ్చే మెడికేర్ పథకంలో ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్. కోట్లమందికి ప్లాన్లు మార్చుకునే వీలుండే కాలం. 834 ఫైళ్ళు రోజూ కొండల్లా వచ్చి పడతాయి, సిస్టమ్‌లో మార్పులన్నీ ఆపేస్తారు, మన సెలవులు కూడా. దీపావళి ఏటా ఆ రోజుల్లోనే పడుతుంది, దసరా కొన్నేళ్ళు. సద్దుల బతుకమ్మకు ఊరెళ్ళలేక లాప్‌టాప్ ముందు కూర్చున్న రోజులు నాకు ఇప్పటికీ బాధగానే ఉన్నాయి. జనవరి 1న కొత్త ప్లాన్లు మొదలవగానే, కొత్త ఐడీలతో వచ్చే క్లెయిములు ఫెయిలవుతాయి, కాబట్టి సంక్రాంతి కూడా వంతులవారీగానే. డిసెంబరు చివరి వారం వాళ్ళ సెలవుల వల్ల మనకు తీరిక. క్రిస్మస్ చేసుకునే మా సహోద్యోగులకు అది బాగా కలిసొచ్చేది. రిటైల్ క్లయింట్ అయితే నవంబరు చివర, పన్నుల క్లయింట్ అయితే ఏప్రిల్‌లో ఇలాంటి కాలమే వస్తుంది. ఇంటర్వ్యూలో క్లయింట్ పేరు చెప్పకపోయినా ఏ రంగమో చెప్తారు, దాన్నిబట్టి మీ పండగలు ఎక్కడ పోతాయో లెక్క వేసుకోవచ్చు.

నాకు ఇప్పటికీ కోపం తగ్గని విషయం ఒకటుంది. చట్టం ప్రకారం 26 వారాల మెటర్నిటీ లీవ్ పూర్తి జీతంతో ఇచ్చారు. కింది అంతస్తులో క్రెష్ ఉంది, శుభ్రంగా ఉంటుంది, ఆయమ్మలు ప్రేమగా చూసుకునేవాళ్ళు. అంతవరకు నూటికి నూరు. ఆ ఏడాది అప్రైజల్‌లో మాత్రం సగటు రేటింగ్ వేసి, "సగం ఏడాది మీరు లేరు కదా, పోల్చడం కష్టం" అన్నారు. నేనున్న సగం ఏడాదిలో ఒరాకిల్ ప్రొసీజర్లలో ఉన్న క్లెయిమ్ లెక్కింపును స్ప్రింగ్ సర్వీసులకు మార్చే పని జరిగింది, అందులో ప్రధాన భాగం నాది, క్లయింట్ నుంచి మెచ్చుకుంటూ వచ్చిన మెయిల్ ఉంది. అవన్నీ జత చేసి హెచ్‌ఆర్‌కు రాశాను. పాలసీ ప్రకారమే జరిగిందని జవాబు. ఆ రేటింగ్ వల్ల ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది, ప్రమోషన్‌తో వచ్చే హైక్ పోయింది, ఆ తక్కువ అంకె మీదే తర్వాతి శాతాలన్నీ లెక్కించారు. రెండేళ్ళ తర్వాత నా టీమ్‌లో ఇంకో అమ్మాయికి ఇదే చేయబోతే, లీడ్‌గా నేను ఒప్పుకోలేదు. పనిచేసిన నెలలకే రేటింగ్ ఇవ్వాలని రెండు మీటింగుల్లో వాదించాను. ఆమెకు న్యాయం జరిగింది. పాలసీ మాత్రం మారలేదు. చట్టం సెలవును కాపాడుతుంది, ఆ సెలవు తర్వాతి రేటింగ్‌ను కాపాడాల్సింది కంపెనీ. ఈ ఒక్క అంశానికి సున్నా ఇస్తున్నాను. చేరబోయే ఆడపిల్లలు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడగడానికి వెనకాడొద్దు. మెటర్నిటీ ఏడాది రేటింగ్ ఎలా వేస్తారని మామూలుగా అడగండి, జవాబు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.

ఇక ఎదుగుదల. లీడ్ అయ్యాక నా రోజంతా రిసోర్స్ షీట్, స్టేటస్ రిపోర్ట్, ఇంటర్వ్యూ ప్యానెళ్ళు, టైమ్‌షీట్ అప్రూవల్స్. కోడ్ రాయడం వారాల తరబడి ఉండేది కాదు. బయట మార్కెట్‌లో ఆరేడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళను సిస్టమ్ డిజైన్ అడుగుతారు, ఎదురుగా కూర్చోబెట్టి కోడ్ రాయమంటారు. కంపెనీలో ప్రమోషన్ అనుకున్నది బయట విలువను తగ్గించే పని అవుతోందని నాకు అక్కడ అర్థమైంది. కంపెనీలోనే వేరే ప్రాజెక్టుకు మారాలంటే ఇంటర్నల్ పోస్టింగ్ ఉంది గానీ, ప్రస్తుత మేనేజర్ రిలీజ్ చేయాలి. బాగా పనిచేసేవాళ్ళను ఎవరూ వదలరు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సర్టిఫికేషన్ పాసైతే ఫీజు తిరిగి ఇచ్చేవారు, అది వాడుకోండి. మా టీమ్‌లో కొందరు శనివారాలు అమీర్‌పేటలో డెవ్‌ఆప్స్ కోర్సుకు వెళ్ళి, దాని మీదే వేరే ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

ఆన్‌సైట్, అంటే క్లయింట్ దేశానికి వెళ్ళి పనిచేసే అవకాశం, దాని మీద ఆశ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందిని చాలా ఏళ్ళు కట్టిపడేసేది అదే. "నెక్స్ట్ ఇయర్ నీ పేరు వేస్తాం" అనే మాట మా ఫ్లోర్‌లో చాలామందికి ఏటా వినిపించేది. హెచ్1బీ వీసాలు ఏటా 85,000, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. కంపెనీ నిజాయితీగా పేరు వేసినా ఎంపిక కంపెనీ చేతిలో లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక, మూడు నాలుగేళ్ళ అనుభవమున్న ఇంజనీరు కోసం ఒక మధ్యస్థాయి సర్వీస్ కంపెనీ అంత కడుతుందని నేను అనుకోను. ఈ ఆశ మీద ఆగిపోయినవాళ్ళు దయచేసి మళ్ళీ ఆలోచించండి. ఎదుగుదలకు మొదటి మూడేళ్ళు మూడున్నర, తర్వాత ఒకటిన్నర.

వెళ్ళిపోయేటప్పుడు ఎలా ఉంటుందో కూడా రివ్యూలో భాగమే. నోటీసు పీరియడ్ 90 రోజులు. బయట కంపెనీలు నెలలో రమ్మంటాయి, కాబట్టి చేతికొచ్చిన అవకాశాలు కొన్ని ఈ తొంభై రోజుల వల్లే జారిపోతాయి. రాజీనామా పెట్టిన వారంలోనే, ఏళ్ళ తరబడి లేని బడ్జెట్ నుంచి ముప్పై శాతం పెంపు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ శ్రద్ధగా చేశాను, చివరి రోజున రిలీవింగ్ లెటర్ మర్యాదగా చేతిలో పెట్టారు. ఫైనల్ సెటిల్‌మెంట్‌కు మాత్రం దాదాపు రెండు నెలలు తిప్పించారు. కొత్త లేబర్ కోడ్ ప్రకారం ఇప్పుడు మానేసిన ఉద్యోగి వేతన బకాయిలు రెండు పని దినాల్లో తేల్చాలి, కాబట్టి ఎవరైనా నలభై ఐదు రోజులంటే ఆ నిబంధన చూపించండి. గ్రాట్యుటీ సరిగ్గానే ఇచ్చారు. చివరి నెల బేసిక్ 38,000, దాన్ని 26తో భాగించి 15తో గుణించి ఏడేళ్ళకు లెక్కేస్తే 1,53,461. రూపాయి తేడా లేకుండా అంతే వచ్చింది. ఐదేళ్ళు నిండడానికి కొద్ది నెలలే ఉందనుకున్నవాళ్ళు రాజీనామా తేదీని దీన్ని చూసుకుని పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు ఒక విదేశీ బీమా సంస్థ హైదరాబాద్‌లో నడుపుకునే సొంత సెంటర్‌లో ఉన్నాను, 19 లక్షలకు చేరాను. మధ్యలో క్లయింట్ లేడు, నేను రాసేది మా సంస్థ సొంత సిస్టమ్‌కే. ఇంటర్వ్యూలో వాళ్ళు ఎక్కువసేపు అడిగింది ఆ 837, 835ల గురించే. ఇక్కడా లోపాలున్నాయి. పైన ఉండే పోస్టులు తక్కువ, పెద్ద నిర్ణయాలు సముద్రం అవతల జరుగుతాయి, ఏడున్నర కాల్ ఇక్కడా ఉంది. రోజూ కోడ్ రాస్తున్నాను, అది నాకు చాలు.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, చిన్న ఊళ్ళ కాలేజీల నుంచి వచ్చి, చేతిలో ఇంకో ఆఫర్ లేని ఫ్రెషర్లకు తప్పకుండా. పని నేర్చుకోవడానికి, ఒక రంగాన్ని లోతుగా తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిగ్గా దొరికే చోటు నాకు తెలియదు. చేరేముందు ప్రాజెక్టు ఏ రంగానిదో, కాల్ ఎన్ని గంటలకో, బేసిక్ ఎంత శాతమో, పోయిన ఏడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారో, నోటీసు ఎన్ని రోజులో, డబ్బు కట్టి ముందే వెళ్ళనిస్తారో లేదో అడిగి మెయిల్‌లో రాయించుకోండి. మూడేళ్ళ అనుభవంతో అక్కడికి మారాలనుకునేవాళ్ళు, బయటినుంచి వస్తున్నారు కాబట్టి జీతం బాగానే మాట్లాడుకోగలరు, పని కోడ్ రాసేదేనా అని మాత్రం గట్టిగా అడగండి. ఇప్పటికే లోపల ఉండి నాలుగో ఏట అడుగుపెట్టినవాళ్ళు, ఈ అప్రైజల్ లెటర్ కోసం ఎదురుచూడకుండా బయట ఇంటర్వ్యూలు మొదలుపెట్టండి. వెళ్ళాక పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ సైట్‌లో డేట్ ఆఫ్ ఎగ్జిట్ (మానేసిన తేదీ) పడిందో లేదో చూసుకోండి. కంపెనీ వేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మీరే వేసుకుని, పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చు.